మెట్ల మలుపు దాకా

మనిజాలెస్,
14 మార్చి 1994

ఇదాల్బా,

దస్తూరీ చూశావుగా, నాదే. కాబట్టి ముందు ఊపిరి పీల్చుకో. మీ బావ నీతో ఫోన్లో ఏం చెప్పాడో నాకు తెలియదు గానీ, ఆయన అరిచిన అరుపులకు కింది అంతస్తు వాళ్లు మాత్రం నేను పోయాననుకుని కొవ్వొత్తి పట్టుకుని పైకి వచ్చారట. గుండెపోటు వచ్చిన మాట నిజమే, కానీ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి వారం దాటింది. బతికే ఉన్నాను.

బతికి ఉండటమంటే ఇలా ఉంటుందని మాత్రం నాకు తెలియదు. పడుకుంటే దిండులోంచి గుండె చప్పుడు వినిపిస్తుంది. కుడివైపు తిరిగితే కాస్త దూరంగా, ఎడమవైపు తిరిగితే చెవిలోనే. యాభై నాలుగేళ్లు ఇది ఎక్కడ కొట్టుకుందో, నాకెప్పుడూ వినబడలేదు. ఇప్పుడు వినకుండా ఉండలేకపోతున్నాను. ఒక్కోసారి ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య చిన్న ఎడం వస్తుంది. ఆ ఎడంలో నేను నోరు తెరుచుకుని ఉండిపోతాను. మళ్లీ కొట్టుకున్నాక గానీ నోరు మూతపడదు.

అందుకని కూర్చునే నిద్రపోతున్నాను.

డాక్టరు కుర్రవాడు, పెద్ద పెద్ద చెవులు. "రోజూ నడవండమ్మా" అన్నాడు. "ఎక్కడికి బాబూ?" అన్నాను. "ఎక్కడికైనా" అన్నాడు. చదును నేల మీద పుట్టి ఉంటాడు. ఈ ఊళ్లో నడవడమంటే ఎక్కడమో దిగడమో, మూడోది లేదని నీకు తెలుసు కదా. పైగా మేముండేది మూడో అంతస్తు. గుమ్మం దాటితే మెట్లు, మెట్లు దాటితే మన వీధి ఎత్తు. నేను తల ఊపి వచ్చేశాను.

కుట్టుమిషను తొక్కడం ఆపేశాను. తొక్కుతుంటే గుండె వేగం పెరుగుతోంది. చర్చిలో పిల్లలు మొదటిసారి ప్రసాదం తీసుకునే పండక్కి కుట్టాల్సిన తెల్లగౌన్లన్నీ కత్తిరించినవి కత్తిరించినట్టే వేరే ఆవిడకి పంపేశాను. చేతులు పైకెత్తి తల దువ్వుకోవాలన్నా భయమే. మీ బావే నా తలంటుతున్నాడు. డ్రైవరు కదా, బస్సు కడిగినట్టు కడుగుతాడు. చెవుల్లో నీళ్లు పోతున్నాయన్నా వినడు.

నువ్వు వ్యాయామాల టీచరువి కదా. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే మనుషులు చచ్చిపోతారు? డాక్టర్ని అడగడానికి సిగ్గేసింది.

ఇంకా ఇక్కడే ఉన్న నీ అక్క,
రోస్మీరా


శాంతా మార్తా,
27 మార్చి 1994

అక్కా,

నీ ఉత్తరం స్కూల్లో అందింది. చదివి, బాత్రూములోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, పిల్లల్ని మైదానం చుట్టూ పరుగెత్తించాను. నాకు ఏడుపొస్తే వాళ్లకి శిక్ష అని వాళ్లకీ తెలిసిపోయింది.

ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా విను. గుండె కూడా కండరమే. పని చెప్పకపోతే మెత్తబడిపోతుంది. నువ్వు దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అది పసిపిల్లలాగే ఉంటుంది. రేపు పొద్దున్నే లే. తయారవు. దిగు, ఎక్కు. ఎల్లుండి ఇంకాస్త ఎక్కువ. ఒక్కరోజు కూడా మానడానికి వీల్లేదు. మా జిమ్ము గోడ మీద నేనే రాయించాను, ఈరోజు మానేస్తే రేపు మానేయడం తేలికని. పిల్లలు దాని కింద నిలబడి నన్ను వెక్కిరిస్తారు. ఫరవాలేదు, చదువుతున్నారు కదా.

అంతా మనసులో ఉంది అక్కా. నేను చూడు, తెల్లవారుజామునే లేచి సముద్రం ఒడ్డున పరుగెడతాను. వానొచ్చినా, జ్వరమొచ్చినా. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, కాబట్టి సాకుల్లేవని నువ్వంటావు. సాకులు అందరికీ ఉంటాయి, నేను వాటిని వినను, అంతే.

అమ్మని మర్చిపోకు. యాభై ఆరేళ్లకి కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. నీకూ నాకూ అదే రక్తం. నేను అలా కూర్చుని పోదలచుకోలేదు. నిన్నూ పోనివ్వను.

నడకకి బూట్లు పంపుతున్నాను. తెల్లవి, మెత్తటి అడుగు. మీ బస్టాండుకి వచ్చే డ్రైవరు చేతికిచ్చాను, బావని వెళ్లి తెచ్చుకోమను. నీ పాదం అమ్మ పాదమే కదా, ఆ కొలత నాకు గుర్తే.

ఎంత వేగంగా కొట్టుకుంటే చచ్చిపోతారని అడిగావు. అలాంటి ప్రశ్నలు అడక్కు.

నిన్ను లాగి లేపే చెల్లెలు,
ఇదాల్బా


మనిజాలెస్,
12 ఏప్రిల్ 1994

ఇదాల్బా,

బూట్లు అందాయి. సరిపోయాయి. బీరువా అడుగున పెట్టాను. శవపేటికలో పడుకోబెట్టేటప్పుడు తొడిగే కొత్తబూట్లలా కనిపించాయి, అందుకని గుడ్డ కప్పాను. నువ్వు ప్రేమతోనే పంపావని తెలుసు, తప్పుగా అనుకోకు.

అమ్మ గురించి అలా రాయకు. నువ్వక్కడ లేవు. అది తర్వాతెప్పుడైనా మాట్లాడుకుందాం, ఇప్పుడు నాకు ఓపిక లేదు.

నడవలేదని అనుకుంటావని ఒకసారి ప్రయత్నించాను. పాతచెప్పులతోనే. మెట్లు దిగాను, వీధిలోకి వచ్చాను, మూలమీది మందులషాపు వైపు ఎక్కడం మొదలుపెట్టాను. షాపు బోర్డు కనిపిస్తూనే ఉంది. ఇంతలో అది మొదలైంది. గొంతులో, చెవుల్లో, పళ్లలో కూడా కొట్టుకుంటోంది. చేతులు చల్లబడ్డాయి. ఇదే అనుకున్నాను. ఇక్కడే, ఈ గోడ పక్కనే అనుకున్నాను. పేవ్‌మెంటు మీద కూలబడిపోయాను. దారినపోయే ఒకావిడ ఆగి, నన్ను చూసి, శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయింది. సాయం చేయలేదు, శిలువ వేసుకుంది.

మీ బావ వచ్చి ఎత్తుకుని మూడంతస్తులూ మోశాడు. ఆ మెట్ల మీద ఆయన గుండె కొట్టుకోవడం కూడా నాకు వినిపించింది. అప్పుడు ఇద్దరి కోసం భయపడ్డాను. డాక్టరు వచ్చి చూసి, ఈసారి గుండెకేమీ కాలేదమ్మా, అది భయమేనన్నాడు. భయమే అయితే ఏంటి బాబూ, భయంతో మనుషులు చావరా అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఇంక నన్ను వదిలెయ్యి. వాతావరణం గురించి రాయి, నీ స్కూల్లో వంటావిడ గొడవలు రాయి. వ్యాయామం గురించి మాత్రం రాయకు.

రోస్మీరా


శాంతా మార్తా,
25 ఏప్రిల్ 1994

అక్కా,

సరే, వాతావరణం. ఎండగా ఉంది. వంటావిడ మానేసింది. అయిపోయింది.

ఇప్పుడు నేను రాయాలనుకున్నది రాస్తాను. నా క్లాసులో ఒక పిల్లకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఒక కాలు సన్నగా, పుల్లలా ఉంటుంది. ఆ పిల్ల చేతికర్రతో మైదానం చుట్టేసి వచ్చి "ఇంకోసారి తిరగనా టీచర్" అని అడుగుతుంది. నువ్వేమో రెండు కాళ్లూ పెట్టుకుని మందులషాపు దాకా వెళ్లలేనంటావు. డాక్టరు గుండెకేమీ కాలేదని చెప్పాక కూడా. దాన్ని ఏమంటారో నువ్వే చెప్పు.

నాకు తెలిసింది ఒకటే. నువ్వు ఆ కుర్చీలో కూర్చుని పోవాలని నిర్ణయించుకున్నావు. బావ నిన్ను మోసి మోసి ఆయనా పోతాడు. నువ్వు నడిచానని రాసేదాకా నేను రాయను. రాయడానికి ఏముంది? నీ సమాధికి పూలు పంపడం నాకు ఇష్టం లేదు.

ఇదాల్బా


మనిజాలెస్,
22 మే 1994

ఇదాల్బా,

నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. చూపిస్తే బస్సు వేసుకుని శాంతా మార్తా వచ్చి ఉండేవాడు. చాలా రోజులు నేనూ జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఆ పోలియో పిల్ల గురించి ఆలోచించాను. ఆ పిల్ల తనకి సరిగా లేని కాలు గురించి భయపడటం లేదు. నేను నాకున్న గుండె గురించి భయపడుతున్నాను. రెండూ ఒకటి కావు. నీకు అర్థం కాకపోతే పోనీ.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. అది నువ్వడిగినది కాదు, అయినా రాస్తున్నాను.

మా అంతస్తులోనే ఎదురు వాటాలో ఒతీలియమ్మ ఉంది కదా, భర్త పోయి ఒంటరిగా ఉండే పెద్దావిడ. ఆవిడ కళ్లకి పొరలు కమ్మాయి. మెట్టు ఎక్కడుందో కనబడదు. ఒకరోజు తలుపు కొట్టి, "రోస్మీరా, నన్ను రొట్టెల కొట్టు దాకా తీసుకెళతావా? పడిపోతానేమోనని భయంగా ఉంది" అంది.

"నాకు గుండెజబ్బు, ఒతీలియమ్మా. దారిలో నేనే పడిపోతానేమో" అన్నాను.

"అయితే మంచిదే. నువ్వు పడితే నేను అరుస్తాను, నేను పడితే నువ్వు అరుస్తావు. ఒక్కళ్లమే ఉంటే ఎవరు అరుస్తారు?" అంది.

నవ్వొచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి అనుకుంటాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ప్రతి మెట్టునీ కాలితో తడిమి తడిమి దిగుతుంది. మధ్యలో మెట్ల మలుపు దగ్గర ఆగి, కిందింటి వాళ్లు బీన్సు మాడబెట్టారని తిడుతుంది. ఆ రోజు మేం కొట్టు దాకా వెళ్లలేదు. ఆ మలుపు దాకా దిగి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశాం. ఆవిడ మా ఇంట్లోనే కూర్చుని బెల్లం నీళ్లు తాగి వెళ్లింది.

మర్నాడు మళ్లీ తలుపు కొట్టింది. వద్దందామనుకున్నాను. కళ్లు సరిగా కనబడని మనిషి గుమ్మంలో నిలబడి ఎటో చూస్తూ నవ్వుతుంటే వద్దని ఎలా అంటాను?

ఇప్పుడు కొన్ని రోజులు కొట్టు దాకా వెళతాం, కొన్ని రోజులు మలుపు దాకానే. ఇద్దరిలో ఎవరికి బాగా లేకపోతే ఆ రోజు లేదు. మానేశామని ఎవరూ లెక్క రాయరు. ఆవిడ నడక ఎంత నిదానమంటే నా గుండెకి ఉలిక్కిపడే సందు దొరకదు. వేగం పెరిగినట్టనిపిస్తే "కాస్త ఆగుదామా" అంటాను. "నేనూ అదే అందామనుకుంటున్నా" అంటుంది. అబద్ధమని తెలుసు.

భయం పోయిందని అనుకోకు. మెట్ల మీద అడుగుపెట్టిన ప్రతిసారీ ఒకసారి వెనక్కి మా తలుపు వైపు చూస్తాను.

రోస్మీరా


శాంతా మార్తా,
5 జూన్ 1994

అక్కా,

కోపం పోయింది. నువ్వు గుమ్మం దాటావు, అది చాలు నాకు. కానీ నిజం చెప్పాలి కదా, రొట్టెల కొట్టుకి పోవడం వ్యాయామం కాదు. కళ్లు కనబడని ముసలావిడతో మెట్ల మీద నిలబడి కబుర్లు చెప్పుకుంటే గుండెకి ఏం పని? చెమట పట్టాలి. ఊపిరి ఆడకూడదు. ఒతీలియమ్మకి వేరే ఎవరినైనా చూసిపెట్టమను, ఆవిడ నిన్ను వెనక్కి లాగుతోంది.

స్కూలు సెలవులకి నేనే వస్తున్నాను. నిన్ను దగ్గరుండి నడిపిస్తాను. మొదటివారం వీధి, రెండోవారం చర్చి ఎత్తు, వెళ్లిపోయే ముందు ఇద్దరం కొండ మీద గట్టుకెళ్లి, మంచుకొండ కనిపించేదాకా నిలబడదాం. నువ్వు పక్కన నన్ను తిట్టుకుంటూ ఎక్కుతావు. ఎక్కాక నాకు దండం పెడతావు.

నాకు ఎడమ పాదం కాస్త నొప్పిగా ఉంది. మంచం మీంచి కాలు కింద పెడితే సూది గుచ్చినట్టుంటుంది. పరుగు మొదలుపెట్టాక కాసేపటికి మొద్దుబారుతుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. ఆగితేనే నొప్పి, అందుకని ఆగను.

బావకి చెప్పు, నా మంచం కిటికీ పక్కన వెయ్యమని.

ఇదాల్బా


మనిజాలెస్,
18 జూన్ 1994

ఇదాల్బా,

రావద్దు.

నా చెల్లెల్ని నా ఇంటికి రావద్దని అంటానని ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు ఆ కొండ మీదికి తీసుకెళతానని రాసిన దగ్గర్నుంచి మళ్లీ దిండు మీద పడుకోలేకపోతున్నాను. ఒతీలియమ్మ తలుపు కొడితే రెండు రోజులు తీయలేదు.

ఎందుకో చెప్పాలంటే అమ్మ గురించి రాయాలి. రాస్తాను.

అమ్మ కుర్చీలో పోలేదు. నీకు ఫోన్ చేసి చెప్పింది నెపొముసేనో మామయ్య. ఆయన వచ్చేసరికి అమ్మ కుర్చీలోనే ఉంది. ఆయన చూసింది అదే, చెప్పింది అదే. అంతకు ముందు ఏం జరిగిందో ఆయనకి తెలియదు. నాకు తెలుసు, నేను పక్కనే ఉన్నాను.

ఆ శనివారం సంత నుంచి వస్తున్నాం. అమ్మ భుజాన బంగాళాదుంపలు, పచ్చి అరటికాయల సంచీ. నా చేతిలో తేలికవే. అమ్మ ఎప్పుడూ నాకంటే ముందే నడిచేది, నీకు గుర్తుందిగా, మనింట్లో ఎవరం అందుకునేవాళ్లం కాదు. చెప్పులు కుట్టే ఆయన కొట్టు దగ్గర ఆగింది. సంచీ దించి, "ఈ వీధి ఏడాదికేడాది నిటారుగా అవుతోందే" అంది. నవ్వుతూనే అంది. తర్వాత గోడకి ఆనుకుంది. నవ్వు ఇంకా మొహం మీద ఉంది. నేను నిజంగానే, తను వేళాకోళం చేస్తోందనుకున్నాను. జారిపోతుంటే చెప్పులాయన లోపల్నుంచి కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాడు. అప్పటికే అయిపోయింది.

అమ్మ జీవితంలో కూర్చోలేదు ఇదాల్బా. ఎక్కుతూ పోయింది. అందుకే తప్పనిసరైతే తప్ప నేను ఎక్కడం మానేశాను. కుట్టుపని ఎందుకు నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. అది కూర్చుని చేసే పని. సంతకి మీ బావనే పంపాను. ఇన్నేళ్లు జాగ్రత్తగా, మెల్లిగా, కూర్చుని బతికాను. చివరికి అది వచ్చింది కూడా నేను కూర్చుని ఉండగానే. ఒక గౌనుకి బొత్తాం కుడుతున్నాను.

కాబట్టి ఏం చేస్తే రాదో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే, ఆ కొండ మీద నువ్వు నా ముందు నడుస్తుంటే నాకు కనిపించేది నీ వీపు కాదు.

రాకు. కోపం తెచ్చుకోకు.

రోస్మీరా


మనిజాలెస్,
16 జులై 1994

ఇదాల్బా,

నెల కావస్తోంది, నీ నుంచి ఒక్క ముక్క లేదు. నువ్వు అద్దెకున్న ఇంటివాళ్ల ఫోను మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. స్కూలుకి సెలవులంటున్నారు. రావద్దన్నందుకు కోపమా? అమ్మ సంగతి ఇన్నేళ్లు దాచానని కోపమా? దాచలేదు, నువ్వు అడగలేదు, నాకు నోరు రాలేదు.

కోపమైతే కోపమని రాయి. తిట్టు. నువ్వు తిడితే నాకు నిద్రపడుతుంది. నువ్వు ఏమీ రాయకపోతే, నా గుండెని వదిలేసి నీ గుండె గురించి భయపడుతున్నాను. దాని చప్పుడు ఇక్కడికి వినబడదు కదా.

ఒతీలియమ్మతో మళ్లీ వెళుతున్నాను. కాస్త దూరంలో ఉన్న పోస్టాఫీసు దాకా కూడా వెళ్లాం, నీ ఉత్తరం అక్కడేమైనా ఆగిపోయిందేమోనని. దారంతా ఎత్తే. ఎక్కాక గానీ ఎక్కామని గుర్తు రాలేదు. గుర్తొచ్చాక అక్కడే బల్ల మీద కూలబడి ఒతీలియమ్మ చెయ్యి వదల్లేదు.

జవాబు రాయి.

నీ అక్క


శాంతా మార్తా,
29 జులై 1994

అక్కా,

కోపం కాదు.

నీ జూన్ ఉత్తరం రాత్రి చదివి, ఎప్పటిలాగే తెల్లవారుజామున లేచి పరుగెత్తడానికి వెళ్లాను. అంతకు ముందెప్పుడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తాను. పడవల దగ్గర పాదంలో ఏదో విరిగిన చప్పుడయింది. ఎండుకొమ్మ విరిగినట్టు. ఇసకలో పడ్డాను. వలలు లాగే ఇద్దరు నన్ను ఎత్తుకొచ్చారు. ఎముక ముందే చిట్లి ఉందట, నేనే దాని మీద పరుగెత్తుతూ విరగ్గొట్టానట. కాలికి మోకాలి దాకా ప్లాస్టరు. ఇంటివాళ్లు ఊళ్లో లేరు. కింద వాళ్ల ఫోను మోగుతుంటే ఇక్కడ మంచం మీద పడుకుని వింటూనే ఉన్నాను. అది నువ్వేనని తెలుసు. మెట్లు దిగలేక కాదు, దిగవచ్చు. నీకు ఏం చెప్పాలో తెలియక.

అక్కా, నాకు చాలా భయంగా ఉంది.

కదలకుండా పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. డాక్టరు చూసి గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు, క్రీడాకారిణి గుండె అన్నాడు. నాకు నమ్మకం లేదు. అమ్మ కుర్చీలో పోయిందని మామయ్య చెప్పినప్పటి నుంచి నేను కూర్చోలేదు. స్టాఫ్ రూములో కూడా నిలబడే కాఫీ తాగుతాను, అందరూ నవ్వుతారు. ఒక్కరోజు పరుగెత్తకపోతే ఆ రాత్రే అయిపోతుందని నమ్మాను. నీకు రాసిన ఆ గోడ మీద మాట పిల్లల కోసం రాయించింది కాదు.

ఇప్పుడు నువ్వు అది నిజం కాదన్నావు. పంతొమ్మిదేళ్లు నేను దేన్నుంచి పరుగెత్తాను?

ఇంకో మాట చెప్తాను, ఎవరితోనూ అనకు. ఆ పరుగు నాకు ఒక్కరోజు కూడా ఇష్టం కాలేదు. సముద్రం ఏ రంగులో ఉంటుందో చూడలేదు. ఎప్పుడు అయిపోతుందా అని పరుగెత్తేదాన్ని.

నీకు నేను రాసిన ఉత్తరాలన్నీ గుర్తొస్తున్నాయి. ఆ పోలియో పిల్ల నిన్న పూలు తీసుకుని చూడటానికి వచ్చింది. తనతో కళ్లు కలపలేకపోయాను.

భయంతో రోజు ఎలా గడుపుతావు అక్కా? పొద్దున్న లేచి మొదట ఏం చేస్తావు?

ఇదాల్బా


మనిజాలెస్,
9 ఆగస్టు 1994

నా పిచ్చి పిల్లా,

పొద్దున్న లేచి మొదట తిడతాను. ఎవర్నో ఒకర్ని, ఎక్కువగా మీ బావని. తర్వాత తాగడానికి చాక్లెట్ కాచుకుంటాను. తర్వాత ఒతీలియమ్మ తలుపు కొడుతుంది. అంతే, నా దగ్గర వేరే మందు లేదు. ఆవిడ కొట్టకపోతే నేను లేవనేమో కూడా. అంతా మనసులోనే ఉందని నువ్వు రాశావు, మనసు గట్టి చేసుకోవడం నాకు చేతకాలేదు. మెత్తటి మనసుతోనే దిగాను.

నీ తలుపు కొట్టేవాళ్లు అక్కడ ఎవరూ లేరు కదా. అందుకని నేను వస్తున్నాను.

కుట్టుమిషను కూడా తొక్కని మనిషి అంత దూరం బస్సులో ఎలా వస్తుందని నవ్వుకో. మీ బావకి సెలవు దొరకలేదు. డాక్టరు నా గుండె విని, వెళ్లిరమ్మన్నాడు. దారిలో నాకేమైనా అయితే అని అడిగాను. "ఇంట్లో ఉంటే ఏమీ కాదని నేను చెప్పలేను కదమ్మా" అన్నాడు. ధైర్యం చెప్పడానికి అన్నాడో భయపెట్టడానికన్నాడో ఇంకా తేల్చుకోలేదు. ఒతీలియమ్మ బాధ్యత రొట్టెల కొట్టావిడ తీసుకుంది.

మూట కట్టాను, విప్పాను, మళ్లీ కట్టాను. అక్కడి ఎండకి నా గుండె ఏమంటుందో తెలియదు.

నాకు వంట చేసిపెట్టనక్కర్లేదు. కుర్చీ మాత్రం ఒకటి వెయ్యి, నువ్వు కూర్చోవడం చూడాలి.

వస్తున్న నీ అక్క,
రోస్మీరా


శాంతా మార్తా,
20 అక్టోబరు 1994

అక్కా,

నువ్వు ఇంటికి క్షేమంగా చేరావని బావ ఫోన్ చేశాడు. ఈసారి అరవలేదు. నువ్వు వచ్చేటప్పుడు డ్రైవరుతో "నాకేమైనా అయితే బస్సు ఆపు బాబూ" అంటే, "ఆపుతానమ్మా, భోజనానికి కూడా ఆపుతాను" అన్నాడని చెప్పావే, అది స్టాఫ్ రూములో చెప్పాను. కూర్చునే చెప్పాను. ఎవరూ గమనించలేదు, నేను గమనించాను.

ఇక్కడున్నన్నాళ్లు ఒక విషయం నీతో అనలేకపోయాను. ప్లాస్టరు తీసిన తర్వాత మనం మొదటిసారి సముద్రం గట్టు మీదికి వెళ్లిన రోజు, ఎండకి నీ మొహం తెల్లబడి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. "ఇదాల్బా, కొట్టుకుంటోంది" అన్నావు. ఇన్నేళ్లు పిల్లలకి నాడి చూడటం నేర్పిన దాన్ని, నీ మణికట్టు మీద వేళ్లు పెడితే నాకు ఏమీ తెలియలేదు. నా వేళ్లలో నా గుండే కొట్టుకుంటోంది. నువ్వు నా కళ్ల ముందే పోతావనుకున్నాను. అమ్మ పోతుంటే పక్కన నిలబడ్డ నీ మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇద్దరం ఆ గట్టు మీద కూర్చుండిపోయాం. ఒక కుక్క వచ్చి మనల్ని వాసన చూసి వెళ్లింది. ఎంతసేపో తెలియదు. నువ్వే, "తగ్గింది, పద ఇంటికెళదాం" అన్నావు.

మర్నాడు నువ్వు మంచం దిగవని నేను అనుకున్నాను. నిజానికి దిగకూడదని కోరుకున్నాను. పొద్దున్న చూస్తే నువ్వు తలకి గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నావు. పెదాలు తెల్లగా ఉన్నాయి. "గేటు దాకానే. వస్తావా?" అన్నావు. నాకు నువ్వు ధైర్యంగా కనిపించలేదక్కా. భయంతో చచ్చిపోతున్న మనిషిలాగే కనిపించావు. అందుకే రాగలిగాను. ధైర్యంగా కనిపించి ఉంటే, నీ వల్ల కాదులే ఇదాల్బా అని నాతో నేను అనుకుని పడుకుని ఉండేదాన్ని.

నువ్వు వెళ్లాక నాలుగైదు రోజులు ఎక్కడికీ వెళ్లలేదు. తర్వాత, మూలమీద గుడ్డు పెట్టి మొక్కజొన్న రొట్టెలు, అరేపాలు వేయించే ఎనేయ్దా, నువ్వు రోజూ తగవుపడి మరీ బాగా వేగినది అడిగేదానివే, ఆవిడ కేకేసింది. "టీచరమ్మా, మీ అక్క లేకపోతే మీకు కాళ్లు లేవా? నేనూ అటే పోతున్నా, రండి" అంది. ఇప్పుడు ఆవిడ బండి తోసుకుంటూ వెళుతుంటే పక్కన నడుస్తున్నాను. పడవల దాకా. ఆవిడ అక్కడ ఆగిపోతుంది, నేను కాసేపుండి వచ్చేస్తాను. జిమ్ము గోడకి సున్నం వేయించాను. ఏం రాయాలో ఇంకా తోచలేదు, పిల్లలు ఖాళీగానే ఉంచమంటున్నారు.

నెమ్మదిగా నడవడం నాకు పరుగు కంటే కష్టం. నెమ్మదిగా నడిస్తే అన్నీ వినబడతాయి, నువ్వు దిండు మీద విన్నట్టు. ఈ పొద్దున కూడా ఒక ఎడం వచ్చింది. కాళ్లు పరుగెత్తబోయాయి. ఆపుకుని గట్టు మీద కూర్చున్నాను. మళ్లీ కొట్టుకుంది. రేపు కూడా కొట్టుకుంటుందని నీకు రాయలేను, అది నీకూ తెలియదు, నాకూ తెలియదు. పొద్దెక్కేదాకా కూర్చుని, నీళ్లు చూసి, ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక్కడి సముద్రం పొద్దున పూట పాలు కలిపిన ఆకుపచ్చగా ఉంటుందక్కా. రేపు మళ్లీ వెళ్లి చూడాలని ఉంది. వెళ్లకపోతే ఏమవుతుందోనని కాదు. ఊరికే, వెళ్లాలని ఉంది.

ఇదాల్బా